తాళం వేశానా, లేదా? మరుపు గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

ముందు ఒక చిన్న పరీక్ష. దయచేసి ఎవరూ జేబులో, పర్సులో చెయ్యి పెట్టకండి. ఇప్పుడు వాడుకలో ఉన్న నీలం రంగు 50 రూపాయల నోటు వెనక ఏ బొమ్మ ఉంటుంది? పసుపు రంగు 200 నోటు వెనక? సరే, ఇంకొక్కటి. ప్రతి నోటు వెనకా నిలువుగా ఒక చిన్న పట్టీ ఉంటుంది. దాని మీద 15 భాషల్లో నోటు విలువ రాసి ఉంటుంది. అందులో మన తెలుగు పైనుంచి ఎన్నో వరుసలో ఉంది?

చేతులు బాగా తక్కువ లేచాయి. 50 మీద హంపీ రాతిరథం, 200 మీద సాంచీ స్తూపం. తెలుగు 14వ వరుసలో ఉంటుంది, పైన తమిళం, కింద ఉర్దూ. రోజూ మన చేతుల్లో నలిగే కాగితమే ఇది. మరి ఇంతమందిమీ మరిచిపోయామా? మరిచిపోవాలంటే ఒకసారైనా తెలిసి ఉండాలి కదా. రంగూ అంకే చూస్తే బేరం అయిపోతుంది కాబట్టి మిగతాది మెదడు లోపలికి తీసుకోనే లేదు. 1979లో అమెరికాలో నికర్సన్, ఆడమ్స్ అనే పరిశోధకులు అక్కడి ఒక సెంటు నాణేన్ని చూడకుండా గీయమన్నారు. నాణెం మీది ఎనిమిది ముఖ్యమైన అంశాల్లో జనం సరైన చోట పెట్టగలిగినవి మామూలుగా మూడే.

ఈ సాయంత్రం మీ ముందు ఉంచాలనుకున్నది ఒక్క మాట. మతిమరుపు అని మనం ఒకే పేరు పెట్టి పిలిచేది నాలుగు వేర్వేరు చోట్ల జరిగే నాలుగు రకాల పొరపాటు. లోపలికి వెళ్ళకపోవడం ఒకటి. వెళ్ళింది నిలవకపోవడం రెండు. నిలిచింది దొరకకపోవడం మూడు. దొరికేదే అయినా వేళకి తోచకపోవడం నాలుగు. ఒకదానికి చేసే ఉపాయం ఇంకోదానికి పనికిరాదు. పరీక్షలో జవాబు తట్టని పిల్లవాడికీ, బీపీ మాత్ర వేసుకోవడం మరిచిన పెద్దాయనకీ ఇద్దరికీ 'బాదంపప్పు తిను' అని చెబితే ఇద్దరికీ ఒరిగేదేమీ ఉండదు.

మొదటి రకంతో మొదలుపెడతాను. ఇంటికి తాళం వేసి బస్సెక్కాక అనుమానం వస్తుంది, వేశానా, లేదా? గ్యాసు కట్టేశానా? ఇవి వేలసార్లు చేసిన పనులు. చేతులు వాటంతట అవే చేసేస్తాయి, మనసు ఇంకెక్కడో ఉంటుంది. గుర్తు చేసుకోబోతే తాళం తిప్పుతున్న బొమ్మ కళ్ళముందు కనిపిస్తుంది కూడా. కానీ అది ఇవాళ్టిదా, నిన్నటిదా? ఇవాళ్టి తాళానికంటూ విడిగా ఏ ఆనవాలూ లేదు. అందుకని ఆ ఆనవాలు మనమే తగిలించాలి. తాళం తిప్పుతూ పైకి అనండి: 'శుక్రవారం, తాళం వేశాను.' వారం పేరు తప్పనిసరి. వట్టి 'తాళం వేశాను' అంటూ పోతే వారం తిరిగేసరికి అదీ చేతివాటంలో కలిసిపోతుంది, అనుమానం మళ్ళీ మొదటికొస్తుంది. జపాన్ రైల్వేల్లో డ్రైవర్లు సిగ్నల్‌ను వేలితో చూపించి దాని రంగు పైకి చెబుతారు. చూసేవాళ్ళకి వింతగా ఉంటుంది గానీ కన్ను, వేలు, నోరు, చెవి నాలుగూ ఒకే విషయం మీద నిలిచేలా పెట్టుకున్న కట్టుబాటు అది.

వంటింట్లో ఈ బాధ ఉప్పుతో వస్తుంది. పప్పులో ఉప్పు పడిందా, లేదా? మధ్యలో ఫోను మోగిందంటే ఇక సరే సరి. రుచి చూస్తే తెలిసిపోతుంది, నిజమే. నైవేద్యానికి చేసేది రుచి చూడరు కదా. అక్కడ జ్ఞాపకాన్ని నమ్ముకోకండి. వంట మొదలుపెట్టేటప్పుడు ఉప్పుడబ్బా పొయ్యికి ఎడమపక్కన ఉంచండి. ఉప్పు వేసిన వెంటనే దాన్ని కుడిపక్కకి మార్చండి. ఇక మీరు గుర్తుపెట్టుకునేదేమీ లేదు, డబ్బా ఉన్న చోటే చెబుతుంది. ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి: డబ్బా ముందు జరిపి, ఉప్పు తర్వాత వేద్దామనుకుంటే చెడుతుంది. ఉప్పు గిన్నెలో పడ్డాకే డబ్బా కదలాలి. ఈ వరుస ఇంట్లో వంట చేసేవాళ్ళందరికీ ఒకటే అయి ఉండాలి.

లోపలికి వెళ్ళే దారి ఎంత ఇరుకో ఓటీపీ చూస్తే తెలుస్తుంది. ఆరంటే ఆరు అంకెలు. ఫోన్లో చూసి కంప్యూటర్లో కొట్టేలోపు పక్కనుంచి ఎవరో 'అన్నం తిన్నావా?' అంటారు. అంతే, పోతుంది. 1959లో పీటర్సన్ దంపతులు సరిగ్గా దీన్నే కొలిచారు. మూడు హల్లులు చెప్పి, వెంటనే ఒక సంఖ్య ఇచ్చి, అందులోంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్ల తర్వాత ఆ మూడు హల్లులూ అడిగితే పదింట ఒకసారే సరిగ్గా చెప్పగలిగారు. మూడంటే మూడు హల్లులు! అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగలిగేవి ఏడు, రెండు అటూ ఇటూ అని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. తర్వాత 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్క నాలుగు దగ్గరికి దించాడు. కాబట్టి ఆరు అంకెల్ని ఆరుగా చదవకండి, మూడుగా చదవండి: నలభై ఎనిమిది, డెబ్బై మూడు, పదహారు. నోటితో అంటూ కొట్టండి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే కొట్టడం అయ్యేదాకా జవాబు చెప్పకండి, వాళ్ళేమీ అనుకోరు.

ఇక రెండోది. లోపలికి వెళ్ళింది నిలవకపోవడం.

దీన్ని మొట్టమొదట కొలతకి తెచ్చినవాడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్. 1885లో తన ఫలితాలు అచ్చువేశాడు. అర్థం లేని అక్షరాల ముక్కలు తయారుచేసి, 13 ముక్కల వరుసల్ని తప్పు లేకుండా అప్పజెప్పగలిగేదాకా తనే వల్లె వేసేవాడు. కొంతకాలం ఆగి అవే వరుసలు మళ్ళీ నేర్చుకునేవాడు. మొదటిసారి పట్టిన సమయంలో రెండోసారి ఎంత కలిసొచ్చిందో లెక్క కట్టేవాడు. సుమారు 20 నిమిషాల విరామం తర్వాత 58 శాతం కలిసొచ్చింది. గంట తర్వాత 44. ఒక రోజుకి 34. ఆరు రోజులకి 25. నెల రోజులకి 21.

ఈ లెక్కతో గీసిన బొమ్మ ఒకటి మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది, 'ఒక్క రోజులో మూడింట రెండొంతులు మరిచిపోతాం' అని. ఆ బొమ్మ రెండు విధాల పొరపాటు. ఒకటి, అవి అర్థం లేని ముక్కలు. ఆయనే బైరన్ పద్యాలు కూడా నేర్చుకుని చూసుకున్నాడు, అర్థమున్న పద్యానికి దాదాపు పదోవంతు శ్రమే పట్టింది. రెండు, ఆయన కొలిచింది గుర్తున్న ముక్కల సంఖ్యని కాదు, రెండోసారి కలిసొచ్చిన సమయాన్ని. 'నాకేమీ గుర్తు లేదు' అనుకున్న వరుస కూడా రెండోసారి తొందరగా వచ్చేస్తోందంటే లోపల ఏదో మిగిలే ఉంది. చిన్నప్పుడు నేర్చుకుని వదిలేసిన వీణగానీ, సంస్కృతంగానీ మళ్ళీ పట్టుకున్నవాళ్ళకి ఇది అనుభవంలో ఉంటుంది.

ఆ అంకెల్లో మనం నిజంగా పట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పడిపోవడమంతా మొదట్లోనే ఉంది. మొదటి రోజు పోయింది పోగా, ఆరో రోజు నుంచి 31వ రోజు దాకా పోయింది నాలుగు శాతమే. పిల్లలు ఆదివారం కూర్చుని వారం పాఠాలన్నీ తిరగేస్తారు. సోమవారం విన్న పాఠానికి అది చాలా ఆలస్యం. సోమవారం రాత్రి పది నిమిషాలు చాలు, ఆదివారం గంట కూర్చునే శ్రమ చాలావరకు తప్పుతుంది.

నిలవడం అనే పని ఎక్కడ జరుగుతుందో ఒక రోగి వల్ల తెలిసింది. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కి మూర్ఛ ఎంతకీ తగ్గకపోతే 1953లో మెదడులో రెండు పక్కలా హిప్పోకాంపస్ అనే భాగంలో ఎక్కువ మేర తీసేశారు. మూర్ఛ తగ్గింది. కానీ అప్పటినుంచి 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త సంఘటన ఏదీ నిలవలేదు. ఇప్పుడే కలిసి మాట్లాడిన డాక్టరు గదిలోంచి వెళ్ళి మళ్ళీ వస్తే కొత్త మనిషే. చిన్ననాటి సంగతులు మాత్రం ఉన్నాయి. అంతకన్నా ఆశ్చర్యం, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం ఆయనకు రోజురోజుకీ బాగా వచ్చేసింది, అంతకుముందు గీసిన సంగతి మాత్రం ఆయనకు తెలియదు. అంటే చేతికొచ్చే విద్య ఒక దారిన, జరిగిన సంగతి ఇంకో దారిన వెళ్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళకి పొద్దున ఏం తిన్నారో గుర్తు లేకపోయినా పువ్వులు కట్టడం, ముగ్గు వేయడం చక్కగా సాగిపోతుంటే, అది నటన కాదు. దయచేసి అలా అనకండి.

నిలబెట్టే పనిలో చాలాభాగం నిద్రలో జరుగుతుంది. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు ఇద్దరు విద్యార్థులకి పదేసి అర్థం లేని ముక్కలు నేర్పి, ఎనిమిది గంటల తర్వాత అడిగారు. మధ్యలో నిద్రపోయినప్పుడు పదింట అయిదారు చెప్పారు. మెలకువగా తిరిగినప్పుడు ఒకటి. ఇద్దరితో చేసిన ప్రయోగం కదా అని కొట్టిపారేయకండి, తర్వాత ఎందరో పెద్ద ఎత్తున చేసి చూశారు, దిశ మారలేదు. ఇంటర్ పరీక్షల ముందు రాత్రంతా మేలుకుని చదివే పిల్లలు నిలవాల్సిన సమయాన్నే తీసేసి చదువుతున్నారు. తల్లిదండ్రులు ఇక్కడ చాలామందే ఉన్నారు. రాత్రి 11 తర్వాత పుస్తకం మూయించండి. ఇందులో మొహమాటం వద్దు.

మెలకువలో పోవడానికి ఒక కారణం, ఒకదాని మీద ఒకటి పడటం. ఏటీఎం పిన్ మార్చాక కూడా వేళ్ళు పాత పిన్నే కొడతాయి. ఆఫీసు పార్కింగులో రోజూ బండి పెడతాం కాబట్టి ఇవాళ ఎక్కడ పెట్టామో తెలియదు. నిన్నటివీ మొన్నటివీ అన్నీ ఒకేలా ఉండి ఇవాళ్టిదాన్ని కప్పేస్తాయి. రోజూ ఒకే చోట పెట్టడం మంచిది. కుదరకపోతే దిగగానే స్తంభం నంబరు ఫోటో తీసుకోండి. ఒకేలా ఉండే రెండు సబ్జెక్టులు వెంటవెంటనే చదవకపోవడం కూడా ఇందుకే. రెండు దేశాల చరిత్ర ఒకే పూట చదివితే సంవత్సరాలు కలగాపులగం అవుతాయి.

మూడోది నాకు బాగా ఇష్టమైన భాగం, దీనిమీద కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను.

'నోట్లో ఆడుతోంది గానీ బయటికి రావడం లేదు' అంటాం. మాట ఎంత ఖచ్చితంగా ఉందో చూడండి! పోలేదని మనకి తెలుసు. 1966లో బ్రౌన్, మెక్‌నీల్ ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్ళని అడిగితే, మాట రాకపోయినా దాని మొదటి అక్షరం, దాని పొడవు చాలాసార్లు సరిగ్గానే చెప్పారు. అంటే వస్తువు లోపలే ఉంది, దానికి వెళ్ళే దారి సగంలో ఆగింది. పేర్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఒక ముఖం చూపించి 'ఈయన కరణం' అన్నారనుకోండి. ఊరు, లెక్కలు, భూమి దస్త్రాలు అన్నీ ఆ మాట చుట్టూ లేస్తాయి. అదే ముఖం చూపించి 'ఈయన ఇంటిపేరు కరణం' అంటే ఏమీ లేవదు. మాట అదే, మొదటిది నిలుస్తుంది, రెండోది జారుతుంది. ఇంగ్లండులో 1987లో ఇలాంటి పేర్లతోనే చేసి చూపించారు. కాబట్టి కొత్తవాళ్ళ పేరు వినగానే దాన్ని దేనికైనా కట్టాలి: ఆ పేరుతో మీకు తెలిసిన ఇంకొకరు, ఆ ఇంటిపేరు గల ఊరు, ఏదో ఒకటి. మొదటి రెండు నిమిషాల్లో ఆ పేరుతో ఒకసారి పిలవండి. నోట్లో ఆడే మాట కోసం అర నిమిషం కన్నా ఎక్కువ పెనుగులాడకండి. అడ్డొస్తున్న తప్పు మాటనే పదేపదే పిలుస్తున్నట్టవుతుంది. వదిలేసి అ నుంచి ఒక్కొక్క అక్షరం మెల్లగా అనుకుంటూ పోండి, లేదా ఆ మనిషిని చూసిన చోటు తలుచుకోండి.

దారుల్ని ఇంత పకడ్బందీగా వేసుకున్న విద్య మన తెలుగువాళ్ళ దగ్గర ఒకటుంది. అవధానం. అష్టావధానంలో పద్యం అడిగే పృచ్ఛకులకి అవధాని మొత్తం పద్యం ఒక్కసారే చెప్పడు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతాడు. చుట్టు తిరిగి వచ్చి రెండో పాదం, అలా నాలుగు ఆవృత్తులు. మధ్యలో గంటలు కొడతారు, అప్రస్తుత ప్రసంగి ధ్యాస చెదరగొట్టడానికే కూర్చుంటాడు. చివర పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. దాన్నే ధారణ అంటాం. శతావధానంలో వందమంది. ఇది దైవదత్తం అని చేతులు జోడించి ఊరుకుంటే మనం నేర్చుకోగలిగింది చేజారిపోతుంది.

నా దృష్టిలో అక్కడ నాలుగు పనులు జరుగుతున్నాయి. పద్యం ఆయన విన్నది కాదు, కట్టింది. చదివినదానికన్నా సొంతంగా తయారుచేసినది బాగా నిలుస్తుందని 1978లో స్లామెకా, గ్రాఫ్ ప్రయోగాలతో చూపించారు. రెండోది, ప్రతి పద్యమూ ఒక మనిషికీ, ఆ మనిషి కూర్చున్న చోటికీ, ఆయన ప్రశ్నకీ ముడిపడి ఉంది. దత్తపదిలో మామూలుగా ఇచ్చేవి నాలుగు మాటలు, పాదానికొకటి చొప్పున. ఆ మాట గుర్తొస్తే పాదం దానివెంట వస్తుంది. మూడోది, రెండో ఆవృత్తికి వచ్చినప్పుడు మొదటి పాదం మళ్ళీ జ్ఞప్తికి తెచ్చుకోక తప్పదు, లేకపోతే రెండోది అతకదు. మూడో ఆవృత్తికి రెండు పాదాలు, నాలుగోదానికి మూడు. మధ్యలో ఎడం ఉంటుంది. అంటే ధారణ చివర్లో మొదలుకాదు, మొదటి ఆవృత్తి నుంచే నడుస్తూ ఉంటుంది.

నాలుగోది ఛందస్సు. పోతన వామనుడు పెరిగే పద్యం, 'ఇంతింతై' అని మొదలయ్యేది, మీలో చాలామందికి వచ్చు. శార్దూలం, పాదానికి 19 అక్షరాలు, మొత్తం 76. అర్థం లేని 76 అక్షరాలైతే ఎవరికీ ఒక పూటలో పట్టుబడవు. ఇక్కడ ప్రతి పాదంలో రెండో అక్షరం సున్నా తర్వాతి తకారమే, అది ప్రాస. 13వ అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, అది యతి. మొదటి పాదంలో 'ఇం'కి 'దానింతై'లోని 'నిం' కలుస్తోంది. ఆపైన అర్థం కూడా మెట్లు మెట్లుగా పైకి పోతుంది: మేఘాలు, వెలుగు రాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం. తర్వాత ఏం రావాలో పద్యమే చెబుతుంది, తప్పు మాట వేస్తే ఛందస్సు ఒప్పుకోదు. వేదపాఠంలో జట, ఘన వంటి పాఠాల్లో మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పి చెప్పడం కూడా తప్పు దొరికిపోవడానికి చేసుకున్న ఏర్పాటే.

మరి చదువుకునే పిల్లలకి ఇందులోంచి ఏం తీసుకోవాలి? అప్పజెప్పడం. పాతకాలం బళ్ళో పాఠం అప్పజెప్పించుకునేవారు. ఇప్పుడు దాన్ని చిన్నచూపు చూసి, రంగు పెన్నులతో గీతలు గీస్తూ నాలుగుసార్లు చదివేయడం వచ్చింది. 2006లో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులకి ఒక వ్యాసం ఇచ్చారు. కొందరు దాన్ని రెండోసారి చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తున్నంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళకి 81 శాతం, రాసినవాళ్ళకి 75. వారం తర్వాత పెడితే చదివినవాళ్ళకి 42, రాసినవాళ్ళకి 56. పిల్లలు మోసపోయేది ఆ మొదటి అయిదు నిమిషాల దగ్గరే. చదివిన వెంటనే అంతా వచ్చేసినట్టుంటుంది, పరీక్ష మాత్రం వారం తర్వాత.

పద్ధతి ఇలా పెట్టుకోండి. ఒక పాఠంలో రెండు మూడు పేజీలు చదవాలి. పుస్తకం మూయాలి. తెల్లకాగితం మీద గుర్తున్నంతా రాయాలి, రాయలేని చిన్న పిల్లలైతే నోటితో చెప్పాలి. అయిదు నిమిషాలు తట్టకపోయినా పుస్తకం తెరవకూడదు. ఆ తట్టకపోవడమే పని చేస్తుంది. తర్వాత తెరిచి, తప్పినవీ వదిలేసినవీ వేరే రంగుతో దిద్దాలి. ఈ దిద్దడం మానేస్తే తప్పే గట్టిపడుతుంది, చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. మర్నాడు ఆ రంగు ముక్కలతోనే మొదలుపెట్టాలి. ఎంత ఎడం ఇవ్వాలనేది పరీక్ష ఎంత దూరంలో ఉందనేదాన్ని బట్టి ఉంటుంది. 2008లో సెపేడా బృందం వెయ్యికి పైగా మందితో చేసిన లెక్కలో, వారంలో పరీక్ష ఉంటే ఒక రోజు ఎడం, నెల దాటి ఉంటే పది పదకొండు రోజులు, ఏడాది దగ్గర ఉంటే మూడు వారాలు బాగా పనిచేసింది. ఎబ్బింగ్‌హాస్ లెక్కలోనూ ఒకే రోజు 68 సార్లు వల్లె వేసినంత ఫలితం మూడు రోజుల మీద పంచిన 38 సార్లతో వచ్చింది.

నాలుగోది వేళకి తోచకపోవడం. మాత్ర వేసుకోవాలని తెలుసు, ఏ మాత్రో తెలుసు, ఎక్కడుందో తెలుసు. తొమ్మిదింటికి మాత్రం ఆ ఆలోచనే రాదు. పూర్వం ఆడవాళ్ళు కొంగుకి ముడి వేసుకునేవారు. ముడి 'ఏదో ఉంది' అని చెబుతుంది, 'ఏమిటి' అని చెప్పదు. అయినా పనిచేస్తుంది, ఎందుకంటే ఏమిటన్నది సాధారణంగా పోదు. ఉందన్న సంగతే పోతుంది. రెండు పనులకి రెండు ముళ్ళు వేస్తే మాత్రం ఏది దేనికో తెలియదు.

'వీలు చూసుకుని కరెంటు బిల్లు కడతాను' అనే మాటకి తగులుకునే కొక్కెం లేదు. 'రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కోగానే ఫోను తీసి బిల్లు కడతాను' అనండి. ఏది జరిగితే ఏది చేస్తానో ముందే జతకట్టడం. 1999లో గోల్‌విట్జర్ అనే ఆయన ఈ విషయం మీద పరిశోధనలన్నీ కూడగట్టి రాశాడు. చెయ్యి కడుక్కోవడం ఎలాగూ మరిచిపోరు కాబట్టి బిల్లు దాని భుజమెక్కి వస్తుంది.

మాత్రలకి ఇదే వాడండి, కానీ దేనికి జతకడుతున్నారో చూసుకోండి. థైరాయిడ్ మాత్రని కాఫీకి జతకడితే చెడుతుంది. అది పరగడుపున, కాఫీకి కనీసం అరగంట ముందు పడాలి. దాన్ని పళ్ళు తోముకోవడానికి జతకట్టండి, బ్రష్షు పక్కనే సీసా ఉంచండి. రాత్రి మాత్రలు కంచం పెట్టే చోట ఉండాలి, బీరువాలో కాదు. ఫోన్లో అలారం పెట్టుకున్నవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు, మోగగానే ఆపేసి 'ఇదిగో, ఇది పూర్తిచేసి' అనుకోవడం. మాత్ర నోట్లో పడేదాకా అలారం ఆపకూడదు. ఇక 'వేసుకున్నానా, లేదా' అన్న అనుమానానికి ఏడు గళ్ళ డబ్బా ఒక్కటే మందు. రెండు పూటలైతే 14 గళ్ళది. వారానికొకరోజు, ఒకే మనిషి, చీటీ చూస్తూ నింపాలి. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు. కొన్ని మాత్రలు రేకులోంచి ముందే తీస్తే చెమ్మ పట్టి చెడతాయి, మందుల షాపులో అడిగి వాటిని రేకుతో సహా కత్తిరించి పెట్టండి. ఇది చిన్న విషయం కాదు. అనుమానంతో రెండోసారి వేసుకుంటే కొన్ని షుగరు మాత్రలు షుగరుని ప్రమాదకరంగా పడగొడతాయి.

నేను చెప్పదలచింది ఇంతవరకే. ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: జ్ఞాపకశక్తికి టానిక్కులు, మాత్రలు వస్తున్నాయి కదండీ. జింకో అని కూడా అమ్ముతున్నారు. వాడొచ్చా?

జవాబు: జింకో అంటే ఒక చెట్టు ఆకుల నుంచి తీసే మందు, దాని మీద చాలా పెద్ద పరీక్షే జరిగిందండీ. అమెరికాలో 3,069 మంది పెద్దవాళ్ళకి రోజుకి రెండుసార్లు 120 మిల్లీగ్రాములు చొప్పున సుమారు ఆరేళ్ళు ఇచ్చి చూశారు. ఫలితం 2008లో వచ్చింది. డిమెన్షియాని, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బుని, అది ఆపలేదు. పైగా రక్తం పలచబడటానికి మందు వాడేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా ముట్టుకోకూడదు. టానిక్కు కొనేముందు ఇప్పటికే మింగుతున్నవి చూసుకోండి. నిద్రకని వేసుకునే ఆల్ప్రజోలం లాంటివి, జలుబుకి వేసుకునే మత్తు మాత్రలు, నొప్పులకీ నిద్రకీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, ఇవి పెద్దవయసులో జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. అయితే సొంతంగా హఠాత్తుగా మానేయకండి, డాక్టరే తగ్గించాలి.

ప్రశ్న: రెండు భాషలు వస్తే మతిమరుపు ఆలస్యంగా వస్తుందని విన్నాం. నిజమేనా?

జవాబు: ఆ పరిశోధన జరిగింది మన హైదరాబాదులోనే అమ్మా, నిమ్స్ ఆసుపత్రిలో. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. ఒకే భాష మాట్లాడేవాళ్ళకన్నా రెండు అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించడం అందులో విశేషం. తెలుగు, ఉర్దూ కలగలిపి బతికే ఊరు కాబట్టే అది తెలియవచ్చింది. జబ్బు రాకుండా పోతుందని మాత్రం ఎవరూ అనలేదు.

ప్రశ్న: మా అమ్మగారికి 72. చెప్పిందే చెబుతున్నారు, అడిగిందే అడుగుతున్నారు. వయసు వల్లేనా?

జవాబు: తాళంచెవి ఎక్కడ పెట్టారో మరిచిపోవడం వయసు. తెలిసిన వీధిలో దారి తప్పడం, ఎన్నో ఏళ్ళుగా చేసే వంటలో వరుస తప్పడం, డబ్బు లెక్క తెలియకపోవడం, పది నిమిషాల్లో అదే ప్రశ్న మళ్ళీ అడగడం, వీటికి డాక్టరుని కలవాలి. వయసు అని సరిపెట్టుకోకండి, ఎందుకంటే సరిదిద్దగలిగే కారణాలు చాలా ఉన్నాయి. బి12 తక్కువ కావడం, ముఖ్యంగా శాకాహారులకీ, షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళకీ. థైరాయిడ్ తగ్గడం. దిగులు జబ్బు. గురకపెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగే నిద్ర. కొన్ని వారాల కింద పడిపోయి తలకి తగిలి ఉంటే లోపల రక్తం మెల్లగా చేరుతూ ఉండొచ్చు, స్కానింగులో తెలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా అయోమయం వస్తే అది వేరు, మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

వెళ్ళేముందు రెండు వారాలు ఒక కాగితం మీద రాయండి: ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం జరిగింది. 'మరిచిపోతున్నారు' అని రాయకండి, 'మంగళవారం సాయంత్రం 5కి పాలు పోయించుకుని, 5.20కి పాలవాడు రాలేదన్నారు' అని రాయండి. వేసుకునే మాత్రలన్నీ, టానిక్కులతో సహా, సంచిలో వేసుకుని వెళ్ళండి. చెవి పరీక్ష కూడా చేయించండి. సరిగ్గా వినపడనిది గుర్తుండదు కదా, అది మనం మొదట చెప్పుకున్న రకం. ఈలోపు ఆవిడ అదే ప్రశ్న అడిగితే 'ఇప్పుడేగా చెప్పాను' అనకండి, మొదటిసారి అడిగినట్టే జవాబు చెప్పండి. ఆవిడ ఎక్కువగా అడిగేది ఏదైతే ఉందో, అబ్బాయి ఎప్పుడొస్తాడు, ఇవాళ ఏ వారం, అది ఆవిడ కూర్చునే చోట కళ్ళకి ఎదురుగా ఒక పలక మీద పెద్ద అక్షరాలతో రాసి, రోజూ పొద్దున్నే మార్చండి.